తొలి పిలుపుకి పలకం

నీలమ్మవానిపేట, శ్రీకూర్మం దగ్గర
ఆషాఢం, బుధవారం

అనూరాధా,

ఇది మీ మావ గంగులు రాస్తున్నాను. మేం బాగున్నాం. మీ అత్త గున్నమ్మ బాగుంది. నువ్వూ బాగుండు. మంచి మాటలు అయిపోయాయి. ఇక తిట్లు.

నువ్వు తెచ్చి మా పడవలకి బిగించిన కబురుపెట్టెలు పనికిరాకుండా పోయాయి. పోయిన ఏడు బాగానే ఉన్నాయి. గాలి లేచేటట్టుంటే పెట్టె కీ మనేది, మళ్ళీ కీ మనేది, మావాళ్ళు మీట నొక్కేవారు, ఎర్ర దీపం వెలిగేది. పడవ తిప్పుకొని ఒడ్డుకి వచ్చేసేవారు. ఈ ఏడు వేట నిషేధం తీరి సముద్రంలోకి వెళ్ళిన దగ్గరనుంచీ దానికి రోగం వచ్చింది. ఒక్కసారి కీ మని నోరు మూసుకుంటుంది. దీపం లేదు. కబురు లేదు.

మొన్న ఆదివారం జోగయ్య పడవ మొగలో తిరగబడింది. ఏరు సముద్రంలో పడే చోట అల లేస్తే ఎలా ఉంటుందో నీకు ఒకరు చెప్పక్కర్లేదు. మనుషులు ఈదుకొచ్చారు, వల పోయింది. ఆ రోజు అల లేస్తుందని మీ ఆఫీసులో కబురు ఉందట. మీ విజయనగరంలో ఉంది, మా పడవలో లేదు.

జోగయ్య తడిబట్టలతోనే మా వాకిట్లోకి వచ్చాడు. నాకు చెవులు పోయాయి కదా, చెవిలో నోరు పెట్టి మరీ అరిచాడు.

"గంగులు బావా, నీ కోడలు పెట్టిన డబ్బా నాకొద్దు. సంద్రంలో ఇసిరీమంటావేటి, నీ నెత్తిమీద ఇసిరీమంటావేటి?"

"నా నెత్తిమీదే ఇసిరీ. డబ్బా పగులుతాది" అన్నాను.

నవ్వకు. ఇంటింటికీ తిరిగి ఆ పెట్టెలు పెట్టించింది నేను. మా మేనకోడలు చదువుకున్నది, అది తెచ్చింది చెడ్డది కాదు అన్నాను. గంగులు మాట తప్పాడని ఈ పేటలో ఎవడూ ఇంతవరకూ అనలేదు. ఇప్పుడు అనడానికి నోరు తుడుచుకుంటున్నారు.

అది పోనీ. ధనరాజు ఈ ఏడు పెద్ద పడవ తీసుకున్నాడు. ఒడ్డు కనపడనంత దూరం పోతున్నాడు. అక్కడ ఫోను పనిచెయ్యదు. నా కొడుక్కి నడిసముద్రంలో ఉన్న చెవి ఆ పెట్టె ఒక్కటే. కార్తీకం తుపాన్లు రాకముందే బాగుచెయ్యి.

ఫోను చెయ్యకు. నాకు వినపడదు. పక్కింటివాళ్ళు విని, లేనిది కలిపి చెబుతారు. ఉత్తరం రాయి. పెద్ద అక్షరాలు రాయి. గొలుసుకట్టు రాత రాస్తే చింపేస్తాను.

మీ మావ
గంగులు


విజయనగరం
శ్రావణం, మొదటి శుక్రవారం

మావా,

నీ తిట్లు అందాయి. జోగయ్య బాబాయి ఎలా ఉన్నాడు? వల పోయిందని విని చాలా బాధపడ్డాను.

చూడు, ఎంత పెద్ద అక్షరాలు రాస్తున్నానో. మా ఆఫీసులో అందరూ ఈ కాగితం చూసి పిల్లల పలకనుకుంటున్నారు.

పెట్టె పాడవలేదు మావా. ఒడ్డు మారింది. పెట్టె లోపల ఉన్న ప్రోగ్రామ్ సి అనే భాషలో రాసింది. ఇక్కడ ఒడ్డున మా కంప్యూటర్‌లో ఉన్నది పైథాన్ అనే భాషలో ఉండేది. దాన్ని త్రినాథ్ అని నరసన్నపేట అబ్బాయి రాశాడు, తర్వాత వేరే ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. పడవలు ఎక్కువయ్యేసరికి అది ఆయాసపడుతోందని, వేట నిషేధంలో పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి కదా అని, తీసేసి రస్ట్ అనే ఇంకో భాషలో నేనే కొత్తగా రాశాను.

భాషలు వేరైతే మాట ఎలా కలుస్తుందని అడుగుతావు. వాటి మధ్య ఒక ఒప్పందం ఉంటుంది. ప్రోటోకాల్ అంటాం. మన పెట్టెలది చిన్న ఒప్పందమే. ముందు ఒడ్డు పిలవాలి, పడవ పలకాలి, పలికిన తర్వాతే ఒడ్డు కబురు చెప్పాలి. పెట్టె కీ మనడం పిలుపు. మీరు మీట నొక్కడం పలుకు. ఎర్ర దీపం కబురు. పలకని పడవకి కబురు పంపితే గాలికి చెప్పినట్టే, పెట్టెలో బ్యాటరీ కూడా దండగ. ఆ ఒప్పందం కాగితం మీద ఉంది. నేను దాన్ని ముందు పెట్టుకొని, ఉన్నది ఉన్నట్టు రాశాను. పెట్టెని బల్ల మీద పెట్టి పిలిస్తే ప్రతిసారీ కబురు అందుతోంది. మీ పడవల్లోకి వెళ్తేనే అందడం లేదు.

మా పెద్దాయన నరసింగరావు గారు ఒక మాట అన్నారు. "ఆళ్ళు మీట నొక్కడం మానీసుంటారమ్మా" అని. కోపం తెచ్చుకోకుండా చెప్పు. మనవాళ్ళు నొక్కుతున్నారా?

నీ కోడలు
అనూరాధ


నీలమ్మవానిపేట
శ్రావణం, మంగళవారం

అనూరాధా,

కోపం తెచ్చుకొనే చెబుతున్నాను.

మీ నరసింగరావు గారిని ఒకసారి మా పడవలో మొగ దాటమను. దాటాక ఇంకా మాట్లాడే ఓపిక ఉంటే అప్పుడు మాట్లాడదాం. నొక్కుతున్నాం. నొక్కవలసినప్పుడు నొక్కవలసినట్టే నొక్కుతున్నాం. మీట నొక్కడం ఈ పేటలో ప్రతివాడికీ దగ్గర కూర్చొని నేర్పింది నేను. నన్ను తప్పుపట్టడానికి విజయనగరంలో మనిషి పుట్టలేదు.

బాగున్న భాషని తీసేసి వేరే భాష ఎందుకు పెట్టావు? ఎవరు పెట్టమన్నారు? ఒరియా పడవలవాళ్ళు మాకు సముద్రంలో ఎదురుపడతారు. వాళ్ళ మాట మాకు రాదు, మా మాట వాళ్ళకి సగం వచ్చు. చేప ఎక్కడుందో వాళ్ళూ చెప్పరు, మేమూ చెప్పం. గాలి ఎక్కడుందో మాత్రం వాళ్ళూ చెబుతారు, మేమూ చెబుతాం. మా తాతల నాటినుంచీ అలాగే. అది ఒప్పందం అంటే. దాన్ని ఎవడూ కాగితం మీద రాయలేదు, ఎవడూ తప్పలేదు.

మీ అత్త పక్కన నిలబడి నేను రాసేది చూస్తోంది. దానికి చదువు రాదు, ఐనా నా మొహం చదువుతుంది. "ఎందుకు పిల్లని తిడతన్నావు? తిట్టిన సేత్తో ఎండు కవళ్ళ సేపలు పంపుతావేటి?" అంటోంది. పంపుతున్నాను. వేయించుకు తిని బాగా ఆలోచించు.

గంగులు


విజయనగరం
భాద్రపదం

మావా, దొరికింది!

కవళ్ళ వల్లే దొరికిందని అత్తకి చెప్పు. ఆఫీసంతా కంపు కొడుతోందని నరసింగరావు గారు బయటికి వెళ్ళిపోయారు, నేను నెమ్మదిగా కూర్చొని తెర చూశాను. చూస్తే నీలమ్మవానిపేట పడవలు కొన్ని ఆఫ్రికా పక్కన వేటాడుతున్నాయి.

ఎలాగంటే, పెట్టెకి ఒక్కొక్కసారి తానెక్కడున్నదీ తెలియదు. మబ్బు పట్టినా, మీద వల కప్పినా తెలియదు. అప్పుడు ఆ చోటు ఖాళీగా వదిలేస్తుంది. త్రినాథ్ రాసిన ప్రోగ్రామ్ ఖాళీని ఖాళీగానే చదివేది. నాది ఖాళీ కనబడితే సున్నా వేసుకుంటోంది. భూమి పటంలో సున్నా దగ్గర సున్నా అంటే ఆఫ్రికా పక్కన నడిసముద్రం. అక్కడున్న పడవకి మన గాలి కబురు దేనికని ఒడ్డు ఊరుకుంది. ఖాళీ వేరు, సున్నా వేరు. వల వేస్తే ఏమీ పడకపోవడం వేరు, అసలు వల వెయ్యకపోవడం వేరు, అంతే కదా? నాకు ముందే తట్టలేదు.

సరిచేశాను. ఇక పెట్టె ఎర్ర దీపం వెలిగిస్తుంది. జోగయ్య బాబాయికి నా మాటగా చెప్పు.

అనూరాధ


నీలమ్మవానిపేట
ఆశ్వయుజం, దసరా ముందు

అనూరాధా,

నీ ఉత్తరం జోగయ్యకి చదివి వినిపించాను. ఆఫ్రికా దగ్గర ఆపి వాడి మొహం చూశాను. "అదే సెప్పు బావా, నా వల ఇక్కడెతికితే దొరుకుతాదేటి మరి? ఆఫ్రికా ఎల్లి ఎతకాల" అన్నాడు. రేవులో వలలు బాగుచేస్తున్న వాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే పెట్టె మారలేదు.

ధనరాజు మొన్న ఒడ్డుకొచ్చి చెప్పాడు. దూరపు వేటలో ఉండగా పెట్టె కీ మందట. వీడు మీట మీద చెయ్యి పెట్టుకొని కూర్చున్నాడు, మళ్ళీ పిలిస్తే నొక్కుదామని. చుట్ట మొత్తం కాలింది. అది మళ్ళీ పిలవలేదు. "నీ కోడలికి సెప్పు అయ్యా, మడిసన్నాక ఒకసారి పిలిసి ఊరుకుంటాదేటి?" అన్నాడు. వాడు అడిగింది న్యాయమే.

ఆ మర్నాడు గాలి లేచింది. వాడు మబ్బు చూసి ముందే తిరిగాడు కాబట్టి వచ్చాడు. మబ్బు చూసి రావడానికి పెట్టె ఎందుకు?

పేటలో పెద్దలు కూర్చున్నారు. పెట్టెలన్నీ ఊడదీసి మూట కట్టి మీ ఆఫీసుకి పంపేయాలన్నారు. కార్తీకం వెళ్ళేదాకా ఆగమన్నాను. నా మొహం చూసి ఆగారు. పెట్టె మొహం చూసి కాదు.

నాకు నిద్ర సరిగా పట్టడం లేదు. చెవులు పనిచెయ్యకపోయినా గాలి మారితే ఒంటికి తెలుస్తుంది. లేచి రేవుకి పోతున్నాను, వస్తున్నాను. మీ అత్త తిడుతోంది. ఏదో ఒకటి చెయ్యి.

గంగులు


విజయనగరం
ఆశ్వయుజం, దసరా వెళ్ళాక

మావా,

ధనరాజు బావ మీట మీద చెయ్యి పెట్టుకొని ఎందుకు కూర్చున్నాడు?

నీ ఉత్తరంలో ఆ ముక్క చదివి కుర్చీలోంచి లేచిపోయాను. వెంటనే త్రినాథ్‌కి ఫోన్ చేసి అడిగాను. ఏమన్నాడో తెలుసా? "ఆ పేటోళ్ళు తొలి పిలుపుకి పలకరు అక్కా. ఎందుకో నానడగనేదు. మూడుసార్లు పిలిసీలాగ పెట్టీసేను, పనైపోనాది" అన్నాడు. ఒప్పందంలో ఎందుకు రాయలేదని అడిగితే, "అదేటి రాసీ మాటా?" అన్నాడు.

ఒప్పందంలో పిలవాలని ఉంది మావా. ఎన్నిసార్లో లేదు. త్రినాథ్ మిమ్మల్ని చూసి మూడుసార్లు పెట్టాడు. నేను మిమ్మల్ని చూడలేదు, కాగితం చూశాను. అందుకే నాది ఒక్కసారి పిలుస్తుంది, కాసేపు చూస్తుంది, పలకకపోతే ఆ పడవ ఒడ్డునే కట్టి ఉందనుకొని పక్క పడవకి పోతుంది. మీరేమో మళ్ళీ పిలుస్తుందని చూస్తూ కూర్చుంటారు. అది కాగితం తప్పలేదు, మీరు మీ మాట తప్పలేదు. మధ్యలో జోగయ్య బాబాయి వల పోయింది.

మూడుసార్లు పిలిచేలా నేనూ మార్చగలను. కానీ ఆ ఒప్పందం మా ఒక్కరిది కాదు. ఒరిస్సా తీరం పెట్టెలు ఈ ఏడే మాతో కలిశాయి, వాటిని వేరేవాళ్ళు చేశారు, వాళ్ళ ప్రోగ్రామ్ జావా అనే భాషలో ఉంది. మేం మూడుసార్లు పిలిస్తే వాళ్ళ పెట్టెలు మూడు వేరే కబుర్లనుకొని తికమకపడతాయి. అందరూ ఒప్పుకోవాలి, కాగితంలో ఎక్కాలి, అన్ని భాషలవాళ్ళూ ఒకే పరీక్షలో నెగ్గాలి. దానికి రోజులు పడతాయి. తుపాను మా మీటింగు అయ్యేదాకా ఆగదు.

అందుకని అంతవరకూ తొలి పిలుపుకే నొక్కమని చెప్పు. నువ్వు నేర్పావు, నువ్వు చెబితే మారతారు. అది ఒట్టి పెట్టె మావా. ఒక్కసారి పిలిచి పట్టుకుపోయే దెయ్యం కాదు.

అనూరాధ


నీలమ్మవానిపేట
దీపావళి ముందు

అనూరాధా,

తొలి పిలుపుకి పలకం.

నువ్వు చిన్నపిల్లవని మీ అయ్య తుపానులో పోయాడని చెప్పాం. తుపాను లేదు. ఆ రోజు నీళ్ళు నూనెలా ఉన్నాయి. మీ అయ్య సోములూ నేనూ ఒక్క తెప్ప మీద ఉన్నాం. పొద్దు కుంకుతోంది. ఎవరో పిలిచారు, "సోములూ" అని. నాకూ వినపడింది. అప్పటికి నాకు చెవులున్నాయి. చుట్టూ చూస్తే ఒక్క తెప్ప లేదు. "పలక్కురా" అన్నాను. నా మాట పూర్తికాలేదు. "ఓయ్" అన్నాడు. లేచి నిలబడి అటు తిరిగాడు. తెప్ప ఒరిగింది. ఈ పేటలో వాడంత ఈతగాడు లేడు. నేను దూకాను. ఎంత మునిగినా చేతికి నీళ్ళే తగిలాయి.

మునిగినవాళ్ళు ఒక్కసారే పిలుస్తారు. వాళ్ళకి రెండోసారి పిలిచే ఊపిరి లేదు. బతికినవాడికి నీతో పని ఉంటే మళ్ళీ పిలుస్తాడు. మా తాత మా అయ్యకి చెప్పాడు, మా అయ్య నాకు చెప్పాడు, నేను ధనరాజుకి చెప్పాను. నీ పెట్టె ఒక్కసారి పిలిచి ఊరుకుంటుంది. అది ఎవరి పిలుపో నాకు తెలియదు. నీ కాగితంలో మళ్ళీ పిలవమని లేకపోతే తప్పు కాగితానిది.

నా కొడుకుని తొలి పిలుపుకి పలకమని నా నోటితో చెప్పను. దెయ్యం కాదని నాకు నేర్పకు. ఇక రాయకు.

గంగులు


విజయనగరం
కార్తీకం, సోమవారం

మావా,

అయ్య సంగతి చదివాను. అమ్మకి చదివి వినిపించలేదు. తెలుసేమో అనిపించింది, మొన్నొకసారి వాకిట్లోంచి ఎవరో పిలిస్తే నన్ను వెంటనే పలకనివ్వలేదు.

నేను నీతో వాదించడానికి రాయడం లేదు. బంగాళాఖాతంలో గాలి ముదురుతోంది. కొత్త ఒప్పందం మీద ఒరిస్సావాళ్ళు ఇంకా సంతకం పెట్టలేదు. ధనరాజు బావ దూరం వెళ్తాడు. తొలి పిలుపుకి నొక్కమని చెప్పు. ఆ రోజు అయ్యని పిలిచింది ఎవరో నాకు తెలియదు. ఈసారి పిలిచేది నేను.

అనూరాధ


విజయనగరం
కార్తీకం, గురువారం

మావా,

నీ దగ్గరనుంచి జవాబు లేదు. అందుకే అదే మళ్ళీ రాస్తున్నాను, మాట మార్చకుండా.

బంగాళాఖాతంలో గాలి ముదురుతోంది. ధనరాజు బావ దూరం వెళ్తాడు. తొలి పిలుపుకి నొక్కమని చెప్పు. ఈసారి పిలిచేది నేను.

అనూరాధ


నీలమ్మవానిపేట
కార్తీకం, తుపాను వెళ్ళిపోయాక

అనూరాధా,

మా ఇంటి మీద తాటాకు సగం ఎగిరిపోయింది. పెట్టెలు ఉన్నాయి. మనుషులు ఉన్నారు. ముందు అది రాశాను, నువ్వు కిందకి వెతుక్కోకుండా.

నీ మొదటి ఉత్తరం అందింది. చదివాను. చూరులో దోపాను. పలకలేదు. తర్వాత రెండోది వచ్చింది. చదువుతుంటే అక్షరాలు ముందే తెలిసినట్టున్నాయి. చూరులోది తీసి పక్కన పెట్టి చూశాను. అదే మాట.

"మళ్ళీ అదే రాసినాదేటి?" అంది మీ అత్త.

"మళ్ళీ పిలిసినాదే" అన్నాను.

చొక్కా వేసుకొని రేవుకి పోయాను. ఉన్న పడవలవాళ్ళందరికీ చెప్పాను, కీ మంటే తొలిసారే నొక్కమని. జోగయ్య నా చెవిలో అరిచాడు. "బావా, నిన్నటిదాకా పలకొద్దన్నావు. ఇయ్యాల పలకమంటన్నావు. నీకు సెవులే పోనాయనుకున్నాను, మతి కూడా పోనాదేటి?"

"పిలిసేది సోములు కూతురురా. మళ్ళీ పిలిసి మరీ సెప్పినాది. నొక్కు" అన్నాను. వాడు పెట్టె చూసుకోవడానికి పడవ వైపు నడిచాడు. సోములు వాడికీ అన్నే కదా.

కానీ ధనరాజు అప్పటికే వెళ్ళిపోయాడు. వాడికి చెప్పలేదు. వాడికి నేను నేర్పిందే తెలుసు.

గాలి లేచిన రోజు దగ్గర వేటకి పోయిన పడవలన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చేశాయి. అందరి పెట్టెల మీదా ఎర్ర దీపం. జోగయ్య పడవ కూడా వచ్చింది, దిగుతూ నా వైపు చూడలేదు. నేను ఇసకలో అటూ ఇటూ తిరిగాను. కూర్చుంటే కాళ్ళు ఊరుకోవడం లేదు. మీ అత్త పొయ్యి వెలిగించలేదు. పెద్ద పడవ లేదు. మబ్బు కిందకి దిగిపోయింది. వాడు మీట మీద చెయ్యి పెట్టుకొని కూర్చున్నాడని నా కంటికి కనబడుతోంది. నేనే కూర్చోబెట్టాను.

వచ్చాడు. మొగలో రెండు అలలు నెత్తిన వేసుకొని వచ్చాడు. పడవ ఇసక తగిలేసరికి మీ అత్త నడుం లోతు నీళ్ళలో ఉంది.

"ఏట్రా, పెట్టె పిలిసినాదా?" అని అడిగి, చెవి వాడి నోటి దగ్గర పెట్టాను.

"పిలిసినాది. నొక్కనేదు. నువ్వు సెప్పినట్టే కూకున్నాను. ఇది కూడా పోయిన పాలిలాగే ఊరుకుంటాదనుకున్నాను. మళ్ళీ కీ మన్నాది. ఆ మీద మళ్ళీ. ఇది ఎవులో మడిసే అనుకొని నొక్కీసేను అయ్యా."

తర్వాత నువ్వు మీ అత్తకి ఫోన్లో చెప్పావట. పలకని పడవ ఒక్కటే మిగిలిందని, అది ఒడ్డున కట్టి ఉందేమోనమ్మా అని నరసింగరావు గారు అంటే, కాదు, అది మా బావ పడవ, తొలి పిలుపుకి పలకదు అని, ఆ ప్రోగ్రామ్‌ని పక్కకి పెట్టి నీ చేత్తోనే మళ్ళీ మళ్ళీ పిలిచావని. మీ అత్త నా చెవిలో ఇదంతా అరిచి చెప్పింది. పేట మొత్తం విన్నది. పెట్టెలు ఊడదీస్తామన్నవాళ్ళు కూడా విన్నారు. ఇప్పుడు వాటిని తుడిచి, గుడ్డ కప్పి చూసుకుంటున్నారు.

ఒరిస్సావాళ్ళు కూడా సంతకం పెట్టారన్నావట. మంచిది. ఆ కాగితంలో పెద్ద అక్షరాలతో రాయి. ఒకసారి పిలిచి పలకకపోతే మనిషి లేడనుకోకూడదు, మళ్ళీ పిలవాలి. సిలో రాస్తావో, రస్ట్‌లో రాస్తావో, వాళ్ళ జావాలో రాయిస్తావో నాకనవసరం. ఎందుకు అని ఎవడైనా అడిగితే మా పేటకి రమ్మను, నేను చెబుతాను. వాడు గట్టిగా అడగాలి.

మావాళ్ళు ఇకమీదట నీ పెట్టెకి తొలిసారే నొక్కుతారు. నువ్వు మాత్రం మూడుసార్లు పిలవడం మానకు. ఎవడి చెయ్యి ఎక్కడుంటుందో.

మీ అమ్మని అడిగానని చెప్పు. ఎండు కవళ్ళు కూడా పంపుతున్నాను. ఈసారి ఆఫీసులో వేయించకు.

ఈ ఉత్తరానికి వెంటనే జవాబు రాయకు. మళ్ళీ రాస్తాను. అప్పుడు పలుకు.

మీ మావ
గంగులు